సి.కె.నాయుడు 7 టెస్టులే ఎందుకు ఆడాడు? ఒక రికార్డును చదివే పద్ధతి

భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్ ఎవరని అడిగితే సి.కె.నాయుడు పేరు చాలామంది తడుముకోకుండా చెబుతారు. తీరా రికార్డు తెరిచి చూస్తే నోట మాట రాదు. 7 టెస్టులు, 14 ఇన్నింగ్స్, 350 పరుగులు, సగటు 25, అత్యధిక స్కోరు 81. సెంచరీ లేదు. బౌలింగ్‌లో 9 వికెట్లు, ఒక్కోటీ దాదాపు 43 పరుగుల ఖర్చుతో. కెప్టెన్‌గా 4 టెస్టులు, 3 ఓటములు, 1 డ్రా. ఇంతేనా? మరి బీసీసీఐ జీవిత సాఫల్య పురస్కారానికి అతని పేరెందుకు పెట్టారు? కుర్రాళ్ల దేశవాళీ టోర్నీ సి.కె.నాయుడు ట్రోఫీ ఎలా అయింది?

అంకెల్లో తప్పేమీ లేదు. వాటిని దేని పక్కన పెట్టి చూస్తున్నాం అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

ముందు ఆ ఏడు సంగతి. భారత్ తొలి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. ఆ పర్యటనలో ఉన్నది ఆ ఒక్క టెస్టే. 1933–34లో డగ్లస్ జార్డిన్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ జట్టు మన దగ్గరికొచ్చి బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో మూడు ఆడింది. 1936లో మనవాళ్లు మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి లార్డ్స్, మాంచెస్టర్, ఓవల్‌లో మూడు ఆడారు. 1, 3, 3. మొత్తం 7. ఆ తరవాత భారత్ టెస్టు ఆడింది 1946 జూన్‌లోనే. మధ్యలో పదేళ్ల ఖాళీ, అందులో ఆరేళ్లు ప్రపంచ యుద్ధం. అంటే అప్పటికి మన దేశం ఆడిన టెస్టులే ఏడు, నాయుడు వాటిలో ఒక్కటీ వదల్లేదు. 7 అన్నది అతని అంకె కాదు, దేశం అంకె. ఆ ఏడింటిలో మొదటిది ఆడేనాటికి అతని వయసు దాదాపు 36 ఏళ్ల 8 నెలలు, చివరిదానికి 40 దాటింది. ఇప్పటి ఆటగాళ్లు వీడ్కోలు చెప్పే వయసులో అతని టెస్టు జీవితం మొదలైంది.

కాబట్టి టెస్టు రికార్డు ఒక్కదాన్నే పట్టుకుంటే నలభై ఏడేళ్ల ఆటలో నాలుగేళ్ల ముక్కను, అదీ 36 దాటాక వచ్చిన ముక్కను చూసినట్టే. మిగతా నలభై మూడేళ్లు ఎక్కడ గడిచాయో తెలియాలంటే ఆనాటి క్రికెట్ ఎలా నడిచేదో తెలియాలి.

పేరులో సి ఎందుకు

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు. తెలుగు లెక్కన కె.కె.నాయుడు కావాలి. ఇంటిపేరును ఇంగ్లిషులో సి అక్షరంతో రాయడంతో సి.కె. అయ్యాడు, అదే నిలిచిపోయింది. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదివిన న్యాయవాది, అక్కడ ఇంగ్లండ్‌కు ఆడిన రంజిత్‌సింహ్‌జీకి స్నేహితుడు. తమ్ముడు సి.ఎస్.నాయుడు లెగ్‌స్పిన్నర్. 1934 జనవరిలో కలకత్తా టెస్టుతో అతనూ భారత జట్టులోకి వచ్చాడు, అన్న కెప్టెన్సీలో.

మతాల వారీ జట్ల కాలం

రంజీ ట్రోఫీ మొదలైంది 1934–35లో. అప్పటికి నాయుడికి 39 ఏళ్లు. అంతకు ముందు రాష్ట్రాల మధ్య లీగు లేదు, జాతీయ టోర్నీ లేదు. దేశంలో అందరి కళ్లూ ఉండే పోటీ ఒక్కటే, బొంబాయి టోర్నీ. 1892లో యూరోపియన్లు, పార్సీల మధ్య మ్యాచ్‌లుగా మొదలై, 1907లో హిందువుల జట్టు చేరి ముక్కోణపు పోటీ అయింది. 1912లో ముస్లింల జట్టుతో క్వాడ్రాంగ్యులర్, 1937లో ‘రెస్ట్’ అనే ఐదో జట్టుతో పెంటాంగ్యులర్ అయింది. జట్టులో చోటు ఊరిని బట్టి కాదు, మతాన్ని బట్టి. గాంధీ వంటివారు తప్పుపట్టిన ఈ పద్ధతి 1946తో ముగిసింది. ముగియడమే మంచిది. కానీ నాయుడి తరం ఎదిగింది అందులోనే. ఆ జట్ల లోపలా గొడవలు తక్కువ కావు. గొప్ప ఎడమచేతి స్పిన్నర్ పల్వంకర్ బాలూను దళితుడైనందుకే హిందువుల జట్టు కెప్టెన్‌ని చేయలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కడానికి పెద్ద పోరే జరిగింది. విఠల్ కింద ఆడినవాళ్లలో నాయుడు ఒకడు. ప్రతిభకూ కెప్టెన్సీకీ మధ్య ఇంకేవో అడ్డుపడతాయన్న సంగతి అతను అప్పుడే దగ్గర్నుంచి చూశాడు. పదేళ్ల తరవాత అది తన దాకా వచ్చింది.

ఈ టోర్నీలోనే 1916లో హిందువుల తరఫున యూరోపియన్ల మీద నాయుడు ఫస్ట్‌క్లాస్ (టెస్టులు సహా పై స్థాయి మ్యాచ్‌ల) ఆట మొదలుపెట్టాడు. జట్టు 7 వికెట్లు పోగొట్టుకుని ఉన్నప్పుడు దిగి, మూడు బంతులు ఆపి, నాలుగోదాన్ని సిక్సర్ కొట్టాడని చెబుతారు.

నాలుగు జట్ల నాకౌట్‌లో ఫైనల్ చేరితే ఏడాదికి రెండు మ్యాచ్‌లు. ఓడితే ఒక్కటే. దీనికి తోడు ఎప్పుడైనా విదేశీ జట్టు వస్తే మరికొన్ని. అదే కాలంలో ఇంగ్లండ్‌లో జాక్ హాబ్స్ లాంటి కౌంటీ వృత్తి ఆటగాడు ఒక్క వేసవిలోనే పాతిక, ముప్పై ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడేవాడు. హాబ్స్ మొత్తం 800కు పైగా ఆడి రిటైరయ్యాడు. నాయుడు 1916 నుంచి 1963 దాకా ఆడినా మొత్తం 207. ఏడాదికి సగటున నాలుగు మ్యాచ్‌లు చిల్లర. 11,825 పరుగులు, సగటు 35.94, సెంచరీలు 26, వికెట్లు 411. ఈ మొత్తాల్ని ఇంగ్లిషువాళ్ల మొత్తాల పక్కన పెట్టి చిన్నవి అనుకోవడం పొరపాటు. వరసగా రోజూ ఆడేవాడికి లయ దొరుకుతుంది, ఒక తప్పు చేస్తే వారంలో దిద్దుకునే వీలుంటుంది. ఏడాదికి రెండుసార్లు ఆడేవాడికి ఒక చెడ్డ ఇన్నింగ్స్ అంటే ఏడాదిలో సగం పోయినట్టే.

పిచ్ సంగతీ ఉంది. అప్పట్లో మన ఊళ్లలో చాలా చోట్ల గడ్డి వికెట్ ఉండేది కాదు. గట్టి నేల మీద కొబ్బరి పీచు చాపో, జనపనార చాపో పరిచి, అంచుల్లో మేకులు కొట్టి, బిగలాగి దాని మీద ఆడేవారు. చాప బిగువుగా ఉంటే బంతి పైకి లేచి వేగంగా వస్తుంది. వదులైతే ఆగి వస్తుంది, ముడత ఉంటే ఎటు తిరుగుతుందో బౌలర్‌కే తెలియదు. స్పిన్ బాగా పట్టుకుంటుంది. దాని మీద అలవాటైన బ్యాట్స్‌మన్‌కు నడుము ఎత్తు బంతిని కొట్టడం వస్తుంది. అదే మనిషి తడి ఆరని ఇంగ్లండ్ గడ్డి మీదికి వెళ్తే బంతి కిందికి జారుతుంది, గాలిలో ఆలస్యంగా వంకర తిరుగుతుంది. ఒక దేశంలో సంపాదించిన అలవాటును ఇంకో దేశంలో మొదటి పక్షం రోజుల్లోనే మార్చుకోవాలి. మనవాళ్లలో చాలామంది అక్కడే తడబడ్డారు. ఆరడుగులు దాటిన పొడగరి అయిన నాయుడు మాత్రం ముందుకొచ్చి, బంతి పిచ్ పడిన చోటికే బ్యాట్ చేర్చి, బౌలర్ తల మీదుగా నేరుగా కొట్టేవాడు. బంతి ఎంత లేస్తుందో, ఎంత జారుతుందో చూసేంత దాకా ఆగనివాడికి పిచ్ మారినా పెద్ద తేడా పడదు.

1926 డిసెంబర్ 1

ఆ పద్ధతి పూర్తిగా కనబడింది బొంబాయి జింఖానా మైదానంలో. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) జట్టు పర్యటనకు వచ్చింది. మారిస్ టేట్, జార్జ్ గేరీ, ఎవర్ట్ ఆస్టిల్, బాబ్ వయట్ లాంటివాళ్లున్న గట్టి బృందం. హిందువుల జట్టుతో మ్యాచ్‌లో ఎంసీసీ ముందు బ్యాటింగ్ చేసి 363 కొట్టింది. అందులో గై ఎర్ల్ ఒక్కడే 8 సిక్సర్లతో 130 చేశాడు. మర్నాడు నాయుడు వచ్చాడు.

రెండు గంటలు కూడా పట్టలేదు. 153 పరుగులు. 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్క వేయండి: సిక్సర్లతో 66, ఫోర్లతో 52, కలిపి 118. వికెట్ల మధ్య పరిగెత్తి తీసినవి 35 మాత్రమే. ఒక ఇన్నింగ్స్‌లో 11 సిక్సర్లు అంటే ఆనాటికి ప్రపంచ రికార్డు. బంతి జింఖానా కప్పు మీద పడుతుంటే ఆఫీసులు వదిలేసి జనం మైదానానికి పరిగెత్తారని, చెట్ల మీదా పక్క మేడల మీదా ఎక్కి చూశారని ఆనాటి వర్ణనలు చెబుతాయి.

జింఖానా మామూలు మైదానం కాదు. ఆ క్లబ్బు యూరోపియన్లది, భారతీయులకు సభ్యత్వం లేదు. ఆ పెవిలియన్ కప్పు మీద సిక్సర్ పడటం చూసిన జనానికి అది క్రికెట్ షాట్‌గా మాత్రమే కనబడి ఉండదు. ముందు రోజు ఇంగ్లిషువాడు 8 కొట్టాడు, మర్నాడు మనవాడు 11 కొట్టాడు. ఆ వరసే ఈ ఇన్నింగ్స్‌ను తరాలపాటు నిలబెట్టింది.

అయితే దీని చుట్టూ అల్లుకున్న ఒక మాటను విడదీయాలి. నాయుడి 153 చూసే భారత్‌కు టెస్టు హోదా ఇచ్చారని చాలాచోట్ల రాస్తారు. తేదీలు అలా లేవు. న్యూజిలాండ్, వెస్టిండీస్, భారత్‌లను ఇప్పటి ఐసీసీకి మూలమైన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్‌లోకి తీసుకున్నది 1926లో, ఈ ఇన్నింగ్స్‌కు కొన్ని నెలల ముందు. అంటే తలుపు అప్పటికే తీసి ఉంది. లోపలికి వెళ్లడానికి దేశమంతటికీ ఒక పాలక మండలి కావాలి, అది లేదు. 1927 మొదట్లో ఢిల్లీలో గిల్లిగన్, పటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, ఆంథోనీ డి మెల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. మీ ఆట టెస్టులకు సరిపోతుంది, మండలి పెట్టుకోండి, లండన్‌లో నేను చెబుతానని గిల్లిగన్ భరోసా ఇచ్చాడు. 1928 డిసెంబర్‌లో బీసీసీఐ ఏర్పడింది. గోవన్ అధ్యక్షుడు, డి మెల్లో కార్యదర్శి. గిల్లిగన్ ఆ మాట అనగలగడానికి కారణం అతను కళ్లారా చూసిన ఆట. అందులో 153 అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. హోదాకు కారణం అనడం కంటే ఆ హోదా వాడుకోవచ్చని నమ్మించిన ఆధారం అనడం సరైన మాట. దీనివల్ల ఇన్నింగ్స్ విలువేమీ తగ్గదు.

జీతం ఎవరు ఇచ్చేవారు

ఏడాదికి రెండు మ్యాచ్‌లు ఆడితే పొట్ట గడవదు. కౌంటీల్లాంటి వృత్తి వ్యవస్థ మనకు లేదు. ఆటగాడు బతకాలంటే సొంత ఆస్తి ఉండాలి, ఉద్యోగం ఉండాలి, లేదా సంస్థానం చేరదీయాలి. 1923లో ఇందూరు (మధ్య భారతంలోని ఇండోర్) హోల్కర్ మహారాజు పిలుపుతో నాయుడు నాగపూర్ వదిలి అక్కడికి వెళ్లాడు. సంస్థాన సైన్యంలో హోదా ఇచ్చారు. పాత స్కోర్‌కార్డుల్లో ‘కర్నల్ సి.కె.నాయుడు’ అని ఉండేది అందుకే. యుద్ధాల్లో సంపాదించిన బిరుదు కాదు, క్రికెటర్‌కు నెల జీతం ఇచ్చే దారి. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనబడ్డాడు. భారత క్రికెటర్ ఒక సరుకుకు ప్రచారం చేయడం అదే మొదలంటారు.

సంస్థానాల డబ్బుతోనే ఆట నడిచినప్పుడు జట్టు పగ్గాలూ వాళ్లవే. 1932 కెప్టెన్సీ గొడవ అక్కడ పుట్టింది.

1932: ఆట ఒకరిది, కుర్చీ ఒకరిది

ఇంగ్లండ్ పర్యటనకు మొదట కెప్టెన్‌గా ఎంపికైంది పటియాలా మహారాజు. ఆయన తప్పుకోవడంతో పోర్‌బందర్ మహారాజు వచ్చాడు. వైస్ కెప్టెన్ లింబ్డి రాజకుటుంబానికి చెందిన ఘనశ్యామ్‌సింహ్‌జీ. విజయనగరం మహారాజకుమారుడు ‘విజ్జీ’కి ఉప వైస్ కెప్టెన్ అని ఒక పదవి సృష్టించారు, అతను ఆరోగ్యం బాగాలేదని ఆగిపోయాడు. ఈ వరసలో నాయుడు లేడు.

ఇది మన దేశపు వింత అని కొట్టిపారేయకూడదు. ఇంగ్లండ్‌లోనూ జీతం తీసుకునే ఆటగాడిని కెప్టెన్ చేసేవారు కాదు. 1952లో లెన్ హటన్ వచ్చే దాకా ఆ కుర్చీ జీతం తీసుకోని అమెచ్యూర్లదే. విందుల్లో ప్రసంగాలు చేయాలి, లార్డుల పక్కన కూర్చోవాలి, ఖర్చు భరించాలి. ఇక్కడైతే వేర్వేరు మతాల, ప్రాంతాల ఆటగాళ్లు తమలో ఒకడి మాట వినరని, రాజు మాటైతే వింటారని వాదించేవారు.

పోర్‌బందర్‌కు మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. తన ఆట ఎంతో తనకు తెలుసు. కొన్ని మ్యాచ్‌ల తరవాత పక్కకు జరిగి ఆటగాళ్లకే చోటు వదిలాడు. టెస్టు ముందు లింబ్డికి దెబ్బ తగలడంతో పగ్గాలు నాయుడి చేతికొచ్చాయి. అది జట్టులో అందరికీ నచ్చలేదు. అతని కింద ఆడబోమని కొందరు టెస్టుకు ముందు రాత్రి పోర్‌బందర్ దగ్గరికి వెళ్లారని, పటియాలా నుంచి గట్టి మాట వచ్చాక దారికొచ్చారని చెబుతారు. కోపానికి రెండు కారణాలు. రాజు కానివాడు ఆజ్ఞాపించడం ఒకటి, నాయుడి క్రమశిక్షణ రెండోది. ఫీల్డింగ్‌లో బద్ధకాన్ని అతను సహించేవాడు కాదు.

అలా మొదలైన ఆటలో ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. సట్‌క్లిఫ్‌ను, హోమ్స్‌ను మహమ్మద్ నిస్సార్ బౌల్డ్ చేశాడు. లాల్ సింగ్ చురుకైన ఫీల్డింగ్‌కు వూలీ రనౌట్. జార్డిన్ 79, ఏమ్స్ 65తో చివరికి 259 చేరింది. నిస్సార్ 5 వికెట్లు, నాయుడు 40 పరుగులిచ్చి 2. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు దిగి నాయుడు చేసిన 40 భారత్ 189లో అందరికంటే ఎక్కువ. రెండో ఇన్నింగ్స్‌లో 10. అమర్ సింగ్ కింది వరసలో వచ్చి 51 కొట్టాడు, భారత్‌కు తొలి టెస్టు అర్ధసెంచరీ అదే. 158 పరుగుల ఓటమి.

టెస్టు ఒక్కటి. కానీ ఆ వేసవిలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు 26, నాయుడు అన్నీ ఆడాడు. 1,618 పరుగులు, సగటు 40.45, 5 సెంచరీలు, 65 వికెట్లు, 32 సిక్సర్లు. లార్డ్స్‌లో ఎంసీసీ మీద 118 నాటౌట్, వార్విక్‌షైర్ మీద 162. ఎడ్జ్‌బాస్టన్‌లో ఒక సిక్సర్ రే నది దాటింది. అప్పట్లో ఆ నది రెండు కౌంటీల సరిహద్దు, అందుకే ఒక కౌంటీలో కొడితే ఇంకో కౌంటీలో పడిందని ఆ షాట్‌ను చెప్పుకుంటారు. 1933లో ఇంగ్లండ్ క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఏటా ఎంచే ఐదుగురు క్రికెటర్లలో ఒకడయ్యాడు. ఆ ఐదుగురిలో ఎవర్ట్ ఆస్టిల్ కూడా ఉన్నాడు, 1926లో గిల్లిగన్‌తో వచ్చిన ఆస్టిలే.

నాయుడి రికార్డు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడేది ఈ వేసవి. 207 మ్యాచ్‌ల జీవితంలో 26, అంటే ఎనిమిదో వంతు, ఈ ఒక్క సీజన్‌లో జరిగాయి. 411 వికెట్లలో 65 ఇక్కడివే. కౌంటీ ఆటగాడు ఏటా పొందే అవకాశం నాయుడికి మొదటిసారి దొరికింది 36 దాటాక. దొరికిన మొదటిసారే సగటు తన జీవిత సగటు కంటే నాలుగున్నర పరుగులు పెరిగింది, అదీ పరాయి పిచ్‌ల మీద, కెప్టెన్సీ తలనొప్పులతో. పాతికేళ్ల వయసులో ఇలాంటి వేసవులు నాలుగైదు దొరికి ఉంటే అన్న ఊహకు ఆధారం కావాలంటే, అది ఇదే.

ఆ 14 ఇన్నింగ్స్

టెస్టు సగటు 25ను విడగొట్టి చూద్దాం. 1932లో 40, 10. బొంబాయిలో 28, 67. కలకత్తాలో 5, 38. మద్రాసులో 20, 2. 1936 లార్డ్స్‌లో 1, 3. మాంచెస్టర్‌లో 16, 34. ఓవల్‌లో 5, 81. కూడితే సరిగ్గా 350.

ఒక సంగతి వెంటనే కంటికి తగులుతుంది. కెప్టెన్‌గా ఉన్న మొదటి నాలుగు టెస్టుల్లో 210 పరుగులు, 1936లో మూడింటిలో 140. ఆ 140లోనూ 81 చివరి ఇన్నింగ్స్‌వి. రెండోది, మంచి ఇన్నింగ్స్‌లు జట్టు మునుగుతున్నప్పుడు వచ్చాయి. 1933 డిసెంబర్‌లో బొంబాయి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో భారత్ 21కి 2 వికెట్లు. అక్కడి నుంచి నాయుడు, కుర్ర లాలా అమర్‌నాథ్ కలిసి 186 జోడించారు. అమర్‌నాథ్ 118 భారత్ తొలి టెస్టు సెంచరీ, నాయుడిది 67. మ్యాచ్ 9 వికెట్లతో పోయినా, ఆ సాయంత్రం బొంబాయి వీధుల్లో జరిగిన సందడి గెలుపుకు తక్కువేం కాదు.

ఆ ఏడు టెస్టుల్లో భారత్ మొత్తం కొట్టిన సెంచరీలు మూడే: అమర్‌నాథ్ 118, 1936 మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112. అంటే ఎవరికీ అది తేలికైన కాలం కాదు. ఎదురుగా వోస్, బోవ్స్, అలెన్, క్లార్క్, వెరిటీ. మద్రాసులో వెరిటీ ఒక ఇన్నింగ్స్‌లో 49కి 7 వికెట్లు తీశాడు. ఈ నేపథ్యంలో 38 ఏళ్ల సగటు వయసుతో తీసిన 25ను, ఇప్పటి సగటుల పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. అలాగని అది గొప్ప సగటు అని వాదించనక్కర్లేదు. 1936 లార్డ్స్‌లో 1, 3 వైఫల్యాలే.

1936: ఇద్దరు తెలుగువాళ్లు, ఒక జట్టు

1936 పర్యటనకు కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజయానంద గజపతి రాజు. నాగపూర్‌లో పుట్టి ఇందూరులో స్థిరపడిన నాయుడు, విజయనగరంలో పుట్టి కాశీలో స్థిరపడిన విజ్జీ. తెలుగు మూలాలున్న ఇద్దరు ఇంగ్లండ్‌లో ఒకే జట్టులో ఎదురెదురు వర్గాలయ్యారు. విజ్జీ క్రికెట్‌కు ఏమీ చేయలేదనడం తప్పు. 1930–31లో సొంత డబ్బుతో హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను రప్పించి దేశమంతా ఆడించాడు, ఆ జట్టులో నాయుడూ ఆడాడు. కానీ బ్యాట్స్‌మన్‌గా విజ్జీ టెస్టు మొత్తం 3 మ్యాచ్‌ల్లో 33 పరుగులు. అలాంటి కెప్టెన్ కింద అసలైన ఆటగాళ్లు ఆడాలి. జట్టు రెండుగా చీలింది. ఫామ్‌లో ఉన్న అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. ఓవల్ టెస్టులో బాకా జిలానీకి చోటు దక్కింది ఉదయం ఫలహారం దగ్గర నాయుడిని అవమానించినందుకే అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది.

అదే ఓవల్‌లో నాయుడు చివరి టెస్టు ఇన్నింగ్స్ ఆడాడు. ఇంగ్లండ్ 471కి 8 దగ్గర డిక్లేర్ చేసింది, హామండ్ 217. భారత్ 222కే కూలి ఫాలోఆన్‌లో పడింది. 249 వెనక. కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన బంతి ఒకటి లేచి నాయుడి ఛాతీకి బలంగా తగిలింది. నొప్పితో వంగిపోయినా బయటికి వెళ్లలేదు. 81 కొట్టాడు. భారత్ 312 చేసి ఇన్నింగ్స్ ఓటమి తప్పించుకుంది. ఇంగ్లండ్‌కు 64 లక్ష్యం ఇచ్చి 9 వికెట్లతో ఓడింది.

లెక్కలు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 1935–36లో జాక్ రైడర్ తెచ్చిన ఆస్ట్రేలియా జట్టుతో, 1937–38లో లార్డ్ టెన్నిసన్ జట్టుతో జరిగినవాటిని ఆనాటి పత్రికలు టెస్టులనే రాశాయి. అవి అనధికారికం, టెస్టు రికార్డులోకి రావు, ఫస్ట్‌క్లాస్‌లోకి మాత్రం వస్తాయి. రెండు చోట్ల రెండు అంకెలు కనబడితే తేడా అక్కడి నుంచే వస్తుంది.

హోల్కర్ సంవత్సరాలు

40 దాటాక ముగియవలసిన ఆట నాయుడి విషయంలో ఇంకో రూపం తీసుకుంది. ఇందూరు సంస్థానపు జట్టు హోల్కర్‌కు కెప్టెన్‌గా 1944–45 నుంచి 1952–53 వరకు తొమ్మిది సీజన్లలో 8 రంజీ ఫైనళ్లు, 4 టైటిళ్లు. మధ్యలో ఒక్క 1948–49లోనే ఫైనల్ తప్పింది. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్, జగ్‌దాలే, తమ్ముడు సి.ఎస్. అందరూ ఆ జట్టులోనే. ఫలితాలు ఎంత భారీగా ఉండేవో రెండు ఉదాహరణలు చాలు. 1944–45 ఫైనల్‌లో బొంబాయి మీద సి.ఎస్.నాయుడు ఒక్కడే 917 బంతులు వేశాడు, 867 లక్ష్యంతో దిగిన హోల్కర్‌కు యుద్ధ విధుల మీద ఇండియాలో ఉన్న డెనిస్ కాంప్టన్ 249 నాటౌట్ చేశాడు, అయినా ఓడింది. 1945–46లో మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 దగ్గర డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు కొట్టారు. వారిలో 50 ఏళ్ల నాయుడు ఒకడు, 101.

అదే సీజన్‌లో, 1946 మార్చిలో, బరోడా మీద 200 చేశాడు. అతని ఫస్ట్‌క్లాస్ జీవితంలో అత్యధిక స్కోరు అదే. యాభై ఏళ్లు నిండాక. ఇది జరిగిన మూడు నెలలకు భారత్ పదేళ్ల తరవాత మళ్లీ టెస్టు ఆడటానికి లార్డ్స్‌లో దిగింది. ఆ పర్యటనలో ఉన్న నాయుడు సి.కె. కాదు, తమ్ముడు సి.ఎస్.

1951–52 ఫైనల్‌లో దత్తూ ఫడ్కర్ బౌన్సర్ నోటికి తగిలి రెండు పళ్లు ఊడాయని, వాటిని పిచ్ మీంచి పక్కకు తోసేసి మళ్లీ గార్డు తీసుకున్నాడని చెప్పే కథ ఆ తరమంతా చెప్పింది. అప్పుడతనికి 56.

1953–54లో ఆంధ్ర జట్టు రంజీలోకి తొలిసారి అడుగు పెట్టినప్పుడు నాయుడు ఆ జట్టుకు ఆడాడు. కొత్త జట్టుకు కావలసింది పరుగులొక్కటే కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఎలా ఉండాలో తెలిసిన మనిషి. 1956లో పద్మభూషణ్ అందుకున్నాడు, ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్. 1956–57లో, 61 ఏళ్ల వయసులో, ఉత్తరప్రదేశ్‌కు కెప్టెన్‌గా రంజీ ఆడాడు. రాజస్థాన్ మీద 84 కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లో వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు.

చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1963లో, నిధుల కోసం ఆడిన మ్యాచ్, మహారాష్ట్ర గవర్నర్ జట్టుకూ ముఖ్యమంత్రి జట్టుకూ మధ్య. వయసు 68. రికార్డుల ప్రకారం ఆరు వేర్వేరు దశకాల్లో ఫస్ట్‌క్లాస్ ఆడినట్టు. జరిగిన ఊరు నాగపూర్, అతను పుట్టిన ఊరే. 1967 నవంబర్ 14న ఇందూరులో కన్నుమూశాడు.